పాత తాలూకా ఆఫీసులో డాన్సు క్లాసులా, బుజ్జీ?

బుజ్జీ,

మునిసిపాలిటీ వాళ్ళు పాత తాలూకా ఆఫీసు మీ బృందానికి ఇస్తామన్నారని, కూచిపూడి, బొమ్మలు, నాటకాలు అన్నీ ఇక అక్కడేనని మీ అమ్మ చెప్పింది. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు 1890లోనే టౌన్ హాలు కట్టించారు. ఇన్నాళ్ళకి నా మేనకోడలు అలాంటి పని నెత్తికెత్తుకుందంటే గర్వంగానే ఉంది గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

లీజు కాగితం మీద ఉండాలి, కౌన్సిల్ తీర్మానంతో సహా. నోటిమాట కమిషనర్ బదిలీ అయ్యేదాకానే. వైరింగ్ మొత్తం పీకించి కొత్తది వేయించు.

అసలు టెన్షన్ గోడల గురించి. నా సర్వీసులో ఇలాంటిదే ఒక హాలు. మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారని కమిటీ వాళ్ళు పాత సున్నపు పూత చెక్కించేసి, సిమెంటు పూయించి, పైన ఎనామిల్ పెయింటు కొట్టించారు. అద్దంలా మెరిసింది. గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మ పీల్చుకుని, ఆ పూతలోంచే గాలికి ఆరుతుందమ్మా. ఆ దారి మూసేస్తే చెమ్మ ఎటు పోతుంది? రెండో వర్షాకాలానికి పెయింటు బొబ్బలెక్కింది, నొక్కితే తెల్లటి ఉప్పు, ఇటుక పొడి రాలాయి. అదైనా నయం. పిట్టగోడ పక్క నుంచి దిగిన వాన నీళ్ళు కూడా బయటికి రాలేక గోడలోనే ఉండిపోయి, అందులో దూర్చిన టేకు దూలాల చివర్లు పుచ్చిపోయాయి. కింద నుంచి చూస్తే దూలం నల్లగా, నున్నగా, ఏ లోపమూ లేనట్టే ఉంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగింది. అప్పటికి ఆ దూలాల కిందే పిల్లలకి సంగీతం క్లాసులు జరుగుతున్నాయి.

నువ్వేమో ముందు గోడలకి రంగులు ఎంచుతున్నావట! బుద్ధుందా? ముందు సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతుకు, దొరకడం కష్టమే. సిమెంటుతో అయితే వారంలో అయిపోతుందని ఎవడైనా అంటే టీ ఇచ్చి పంపించెయ్.

ఇంకోటి, డాన్సు మేడ మీద పెట్టకు. మన పాత మిద్దె మీద నువ్వు గజ్జెలు కట్టుకుని అడుగులేస్తుంటే కింద తాతయ్య కంచంలో సున్నం రాలేది, ఆయన అది ఏరి పారేసి అన్నం తినేవాడే తప్ప నిన్ను ఆపనిచ్చేవాడు కాదు. నలభై మంది ఒకే తాళానికి అడుగులేస్తే ఆ పాత దూలాలకి ఎంత దెబ్బో! డాన్సు కింద పెట్టి, బొమ్మల క్లాసు పైన పెట్టుకో.

దూలాల చివర్లు గుచ్చి చూశాక ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా పర్లేదు, మీ అత్తకి నేను చెప్పుకుంటాను.

మావయ్య