ఉద్దానం కిడ్నీ వ్యాధి సర్వేకు ప్రశ్నావళిని ఏ వరుసలో రూపొందించాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గ్రామాల్లో కిడ్నీ వ్యాధిపై థీసిస్ కోసం 120 ప్రశ్నల ముసాయిదా రాసుకున్నానని, వాటిలో ఏవి ఉంచాలో చెప్పమని అడిగారు. ఆ ప్రాంతంలో ఇంటింటి సర్వేలకు పర్యవేక్షకుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ముందుగా వరుస సంగతి తేల్చుకోండి.

మీ మొదటి ప్రశ్నే ‘మీకు కిడ్నీ జబ్బు ఉందా?’ అని ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ వ్యాధి సంగతి తెలియనివారు అరుదు. నీళ్ల వల్లేనని కొందరు, పురుగుమందుల వల్లేనని మరికొందరు ఇప్పటికే ఒక నిశ్చయానికి వచ్చి ఉంటారు. జబ్బు పేరు ఎత్తగానే, రోగి ఉన్న ఇంట్లోవారు తాగిన ప్రతి బావినీ, మింగిన ప్రతి మాత్రనూ తవ్వి తీస్తారు; జబ్బు లేనివారికి అంతగా ఆలోచించవలసిన అగత్యం ఉండదు. ఆ జ్ఞాపకాల తేడాయే చివరికి మీ పట్టికలో నీటికీ వ్యాధికీ మధ్య సంబంధంలా కనిపిస్తుంది. అందువల్ల నివాసం, నీరు, పని, మందులు ముందు అడిగి, వ్యాధి చరిత్రను ఆఖరున పెట్టండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ఫలితం చెప్పకముందే ఇంటర్వ్యూ ముగియాలి. కిడ్నీ పరీక్ష చేస్తున్నామని సమ్మతి పత్రంలో దాచకుండా చెప్పవలసిందే కానీ, మీరు అనుమానిస్తున్న కారణాలను అక్కడ ఏకరువు పెట్టనక్కరలేదు.

‘ఏ నీరు తాగుతారు?’ అన్న ప్రశ్నకు ఈనాటి కుళాయి గురించే జవాబు వస్తుంది. ఏళ్ల తరబడి ముదిరే వ్యాధికి అది చాలదు. పుట్టిన ఊరు, పెళ్లయ్యాక వచ్చిన ఊరు, వలస వెళ్లిన చోట్లు, ఒక్కో దశలో తాగిన నీరు, ఎండలో చేసిన పని ఇవన్నీ ఒకే పట్టికలో పట్టేలా గడులు గీయండి. సంవత్సరాలు అడిగితే చాలామంది ఉజ్జాయింపుగా చెబుతారు. 2018 అక్టోబరులో కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తిత్లీ తుపానుకు ముందా, తర్వాతా అని అడిగితే మాత్రం ఎవరూ తడుముకోరు.

నొప్పి మాత్రల విషయంలో ఏడాది లెక్క అడగడం వృథా అని నా అభిప్రాయం. గత రెండు వారాలకే పరిమితమై, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు చూపించమని అడిగి, పేర్లను సర్వేయరే రాసుకోవాలి. ఆ తర్వాత, ఒళ్లు నొప్పులు వస్తే ఎక్కడికి వెళతారో, ఎన్నేళ్లుగా అలా చేస్తున్నారో అడగండి.

‘బీపీ ఉందా?’ అన్న మీ ప్రశ్నకు ‘లేదు’ అని వచ్చే జవాబులో, ఎన్నడూ చూపించుకోనివారు కూడా కలిసిపోతారు. బీపీ, మధుమేహం వంటి జబ్బుల సర్వేలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన స్టెప్స్ ప్రశ్నావళిలో మాదిరిగా, ఎప్పుడైనా బీపీ కొలిపించుకున్నారా అని ముందు అడిగి, అవునన్నవారినే డాక్టరు ఏమన్నారని అడగండి. మధుమేహానికీ ఇదే పద్ధతి.

ఆశా కార్యకర్తను ఇల్లు చూపించేవరకే ఉంచుకోండి. ఆమె ఎదుట ప్రభుత్వ వైద్యం గురించి ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు.

ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని నిర్ధారించలేరు. కనీసం మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. వలసలు ఎక్కువైన ఊళ్లలో అదే మనిషి మళ్లీ దొరకడం కష్టం కాబట్టి, ఫోను నంబరుతో పాటు ఊళ్లోనే ఉండే బంధువు వివరాలకూ ఒక గడి కేటాయించి, ఆ పేజీని జవాబుల నుంచి విడిగా భద్రపరచండి.