ఆస్పత్రిలో మొదలైన విరేచనాలు: అక్కడే అంటుకున్నాయా, మందుకు లొంగుతాయా?

ప్రశ్న: చెన్నైలో న్యుమోనియాతో చేరిన నాన్నగారికి ఆరో రోజు నీళ్ల విరేచనాలు. ఇది ఆస్పత్రిలో అంటిందేనా? మందు పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

యాంటీబయాటిక్స్ నడుస్తుండగా మొదలైతే ముందు అనుమానించాల్సింది క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియాని. 24 గంటల్లో మూడు, అంతకు మించి పల్చటి విరేచనాలైతేనే పరీక్ష. గత 48 గంటల్లో సుఖవిరేచనానికి మందు ఇచ్చారేమో కేస్‌షీట్‌లో చూడమనండి. గట్టి మలం పంపకూడదు. జబ్బు లేకుండానే ఈ బ్యాక్టీరియాని మోసేవాళ్లున్నారు, వాళ్లకు పాజిటివ్ వస్తే అనవసర చికిత్స మొదలవుతుంది. శాంపిల్ వెంటనే ల్యాబ్‌కి చేరాలి, లేదంటే 2-8 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచాలి. చెన్నై వేడికి వార్డు బల్ల మీద రెండు గంటలుంటే టాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) చెడిపోయి తప్పుడు నెగటివ్ రావచ్చు.

ల్యాబ్‌లో జీడీహెచ్ (ఈ బ్యాక్టీరియా తయారుచేసే ఎంజైమ్), టాక్సిన్ రెండూ చూస్తారు. ఆ రెండింటికీ పొంతన కుదరకపోతే టాక్సిన్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష.

చేరిన రోజును ఒకటిగా లెక్కిస్తే, నాలుగో రోజు లేదా తర్వాత తీసిన శాంపిల్ పాజిటివ్ అయితే ఇన్ఫెక్షన్ల నిఘా లెక్కలో అది ఆస్పత్రిలో మొదలైన కేసే. ఆస్పత్రిలో ఇలాంటి కేసుల రేటు 10,000 పేషెంట్ రోజులకు (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒకటి) కడతారు: 18,000 రోజుల్లో 9 కేసులుంటే 5.

రెసిస్టెన్స్, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం, తేల్చడం కష్టం. పైన చెప్పిన కిట్ పరీక్షలో బ్యాక్టీరియా చేతికి రాదు. ఆక్సిజన్ లేకుండా కల్చర్ చేస్తేనే (ల్యాబ్‌లో పెంచితేనే) ఏ మందుకు ఎంత లొంగుతుందో కొలవగలరు. అందుకే చికిత్స దానికోసం ఆగదు: సాధారణంగా నోటిద్వారా వాంకోమైసిన్ 125 మి.గ్రా., రోజుకు నాలుగుసార్లు, 10 రోజులు. సెలైన్‌లో ఎక్కిస్తే పేగులోకి చేరదు.

మీరు మాత్రం చేతులు సబ్బుతో కడగండి. శానిటైజర్‌కి దీని స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) చావవు.