సాలీడు సంగతి తర్వాత, ముందు మీ కన్ను చూపించుకోండి

ప్రశ్న: మూడేళ్లుగా చిలీ రోజ్ టరాంటులాని (బొచ్చు ఉండే పెద్ద సాలీడు) పెంచుతున్నా. నెల నుంచి పురుగులు వేసినా ముట్టట్లేదు. ఎన్నాళ్లకోసారి తిండి పెట్టాలి, ట్యాంక్ ఎప్పుడు క్లీన్ చేయాలి? అన్నట్టు, పోయినసారి క్లీన్ చేసినప్పటి నుంచి ఎడమ కన్ను ఎర్రగా ఉంటోంది, పది రోజులైంది. ఇంట్లో ఎవరివో స్టెరాయిడ్ చుక్కలుంటే వేసుకుంటున్నా, ఆపితే మళ్లీ వస్తోంది.

డాక్టర్ సలహా: మీరు మాటవరసకి రాసేశారు గానీ నాకు కంగారు పుట్టింది ఆ కంటి గురించే. ఈ రకం టరాంటులా బెదిరితే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాల్చి గాల్లోకి ఎగరేస్తుంది, ఆ వెంట్రుకలకి ముళ్లుంటాయి, నలకలాగా నీళ్లు కొడితే పోయేవి కావు, కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరలో, గుచ్చుకుని మెల్లగా లోపలికి దిగుతాయి, నలిపితే ఇంకా దిగుతాయి. 2009లో బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఒకతనికి ట్యాంక్ కడుగుతుంటే ఇలాగే పడ్డాయి, మామూలు కళ్లకలక అనుకుని యాంటీబయాటిక్ చుక్కలు వాడారు, తగ్గలేదు, మైక్రోస్కోప్‌తో చూస్తే కార్నియాలో వెంట్రుకలు. మీదీ అదేనని చూడకుండా చెప్పలేను, కానీ అనుమానించాల్సిందే.

ఇక ఆ చుక్కలు. దీనికి మేమూ ఎక్కువగా స్టెరాయిడ్ చుక్కలే ఇస్తాం, అందుకే మీకు తగ్గినట్టుంటోంది. కాకపోతే స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపించే లైటున్న మైక్రోస్కోప్) కింద చూసి, కంట్లో ప్రెషర్ కొలుస్తూ, డోసు తగ్గించుకుంటూ ఇస్తాం. అదే హెర్పిస్ వైరసో ఫంగసో అయితే ఇవే చుక్కలు కార్నియాని పాడు చేస్తాయి, ఎక్కువ రోజులు వాడితే గ్లకోమా (కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినడం), శుక్లం కూడా రావచ్చు. ఎవరి కంటికో రాసిన మందు మీ కంట్లో ఎలా పోసుకున్నారండీ? చదువుకున్నవాళ్లే ఎక్కువగా ఈ పని చేస్తారు, రోజూ చూస్తున్నా. రేపటికల్లా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టరాంటులా ఉందని మీరే చెప్పండి, వాళ్లకి తట్టకపోవచ్చు. చూపు మసకేసినా, వెలుతురు చూడలేకపోయినా రేపటిదాకా కూడా ఆగొద్దు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ఇప్పుడే తీసేయండి.

తిండంటారా, పెద్దదానికి వారం పది రోజులకోసారి చాలు, కుబుసం విడిచే ముందు నెలల తరబడి తినకపోయినా మామూలే, నీళ్ల గిన్నె మాత్రం ఖాళీ అవకూడదు. తినని పురుగుని లోపల వదిలేయకండి, కుబుసం విడిచేటప్పుడు ఆ పురుగే సాలీడుని కొరుకుతుంది. పొట్ట ముడుచుకుపోతే వెటర్నరీ డాక్టర్‌ని అడగండి. మిగిలిన ముక్కలు అప్పుడప్పుడు పొడవాటి పట్టకారుతో తీసేస్తే చాలు, మొత్తం కడిగే పని తరచూ పెట్టుకోవద్దు, కడిగినా గ్లవ్స్, పక్కలు మూసుకునే గాగుల్స్ పెట్టుకునే. కన్ను తగ్గేదాకా ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి, వాళ్లకీ గాగుల్స్ ఇచ్చి. ఆ చుక్కల సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, అందులో ఏ మందుందో డాక్టర్ చూడాలి.