రాత్రికి 92 యూరోల గది: ట్రెంటో ప్రయాణానికి డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. వయసు 63. మా అమ్మాయి ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. వచ్చే మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లి పది రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాం. అమ్మాయి మరో ముగ్గురితో కలిసి పాత నగరంలో ఇల్లు అద్దెకు తీసుకుంది. అక్కడ వంట చేసుకోవచ్చు కానీ పడుకోవడానికి చోటు లేదు. రైల్వే స్టేషన్ దగ్గర ఒక రెండు నక్షత్రాల హోటల్‌లో ఫలహారంతో కలిపి రాత్రికి 92 యూరోలు. రద్దు చేసుకోకూడదనే షరతుకు ఒప్పుకుంటే 81. పోవో కొండమీద చిన్న అపార్ట్‌మెంట్ 68కి దొరుకుతోంది. మా ఆవిడ నాలుగు నక్షత్రాల హోటల్ అంటోంది, అది 165. మాకు పింఛను 47 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు. సేవింగ్స్ ఖాతాలో 3.1 లక్షలు ఉన్నాయి. ఫిబ్రవరిలో 2.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేతికొస్తుంది. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 15 లక్షలు వేసి ఏడాదిన్నర అయింది. అందులోంచి తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? పడుకోవడానికి రాత్రికి తొమ్మిది వేలు పోయడం తప్పు కాదా? పచ్చళ్లు తీసుకెళ్లనిస్తారా అని కూడా మా ఆవిడ అడగమంది.

జవాబు: మాస్టారూ, తప్పేమీ కాదు. పొదుపు పథకాన్ని కదిలించవద్దు, లోన్ జోలికి వెళ్లవద్దు, స్టేషన్ దగ్గరి ఆ రెండు నక్షత్రాల హోటల్‌నే ఖాయం చేసుకోండి. కాకపోతే 92 యూరోల ధరకే తీసుకోండి, 81కి ఆశపడకండి.

యూరోలను రూపాయల్లోకి మార్చే పని ఒక్కసారే చేయాలి. అదీ ప్రయాణం మొత్తానికి, ఇంట్లో కూర్చుని కాగితం మీద. విమానం దిగాక కాఫీకోసారి, బస్సు టికెట్‌కోసారి వందతో హెచ్చవేస్తూ కూర్చుంటే మీకూ సుఖం ఉండదు, మిమ్మల్ని తిప్పి చూపించే అమ్మాయికీ ఉండదు. మీరు యూరోకు వంద రూపాయల చొప్పున వేసుకున్నట్టున్నారు. నేను 110 వేస్తాను. రేటు పెరిగితే ఇబ్బంది ఉండదు, పెరగకపోతే మిగులుతుంది.

ముందు మూడు బసల సంగతి తేల్చుకుందాం. హోటల్‌కు పది రాత్రులకు 920 యూరోలు. ఇటలీలో చాలా ఊళ్లలో బస పన్ను అని మనిషికి, రాత్రికి ఇంత అని వసూలు చేస్తారు. ఆన్‌లైన్‌లో కనిపించే గది ధరలో ఇది సాధారణంగా కలిసి ఉండదు, హోటల్ కౌంటర్ దగ్గర విడిగా కట్టాలి. తలకు రెండు యూరోలు అనుకుంటే మీ ఇద్దరికీ 40. మొత్తం 960.

అపార్ట్‌మెంట్‌కు 680. కానీ మీరు జతచేసిన బుకింగ్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో శుభ్రం చేసినందుకు 70, సర్వీసు రుసుము 85 అని ఉంది. బస పన్ను 40 కలిపితే 875 అయింది. అక్కడ ఫలహారం పెట్టరు. బన్నూ పాలూ కాఫీ ఇద్దరికీ రోజుకు 8 యూరోలు అనుకున్నా 955. పది రాత్రుల మీద 240 యూరోలు కలిసొస్తాయనుకున్నది ఐదు యూరోల దగ్గర ఆగింది!

వంటగది ఉంటే భోజనం ఖర్చు తగ్గుతుంది కదా అంటారు. ఆ మాట నిజమే. అమ్మాయి ఇంట్లో పొయ్యి లేకపోతే నేనూ అపార్ట్‌మెంటే తీసుకోమనేవాణ్ని, ఎందుకంటే పది రోజులు రెండు పూటలా బయట తినడం మీ వయసులో కడుపుకూ జేబుకూ భారమే. మీకు ఆ పొయ్యి పాత నగరంలోనే ఉంది, స్టేషన్ దగ్గరి హోటల్ నుంచి నడిచి వెళ్లవచ్చు. పైగా పోవో కొండమీద ఉన్నవి విశ్వవిద్యాలయం సైన్సు విభాగాలు. పగలు అమ్మాయి పనిలో ఉంటే మీరిద్దరూ అక్కడ ఏం చేస్తారు? ఊళ్లోకి రావాలన్నా, రాత్రి భోంచేసి గదికి చేరాలన్నా బస్సు కోసం చూడాలి. స్టేషన్ నుంచి పియాజ్జా దువోమో అనే పెద్ద కూడలికి పది నిమిషాల నడక. నెప్ట్యూన్ విగ్రహమున్న 18వ శతాబ్దపు ఫౌంటెన్, పక్కనే కెథడ్రల్, కొంచెం ముందుకు వెళితే వియా బెలెన్‌జానీలో గోడల మీద బొమ్మలు వేసిన పాత మేడలు. ఇవన్నీ టికెట్ లేకుండా చూసేవే. 1545 నుంచి 1563 దాకా, మధ్యలో విరామాలతో, క్యాథలిక్ మతాధికారుల మహాసభ జరిగింది ఈ చిన్న ఊళ్లోనే.

ఇంకొక సంగతి. ట్రెంటినో ప్రాంతంలో చాలా హోటళ్లు తమ అతిథులకు గెస్ట్ కార్డు ఇస్తాయి. దానితో ఆ ప్రాంతంలోని బస్సులు, లోకల్ రైళ్లు ఎక్కవచ్చు, చాలా మ్యూజియాలు, కోటలు చూడవచ్చు. అన్ని బసలకూ ఇది వర్తించదు కాబట్టి హోటల్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి. కార్డు ఇస్తామంటే మీ స్థానిక ఖర్చులో పెద్ద ముక్క తగ్గినట్టే. ఆ కార్డుతో మొదట బువోన్‌కాన్‌సిల్యో కోటకు వెళ్లండి. కాకపోతే సోమవారం వెళ్లకండి, మూసి ఉంటుంది. అక్కడి అక్విలా బురుజులో 1400 ప్రాంతంలో వేసిన పన్నెండు నెలల కుడ్యచిత్రాలున్నాయి. జనవరిలో దొరలూ దొరసానులూ మంచు ముద్దలు విసురుకుంటుంటారు, మిగతా నెలల్లో రైతులు దున్నుతూ, గడ్డి కోస్తూ కనిపిస్తారు. ఆ పన్నెండింటిలో ఇప్పుడు పదకొండే మిగిలాయి, మార్చి పోయింది. ఏటా మార్చిలో పన్ను ఆదా కాగితాలతో సతమతమయ్యే నాలాంటి వాడికి అంతకంటే అందమైన గోడ ఉంటుందా!

ఇక నాలుగు నక్షత్రాలు. తేడా 730 యూరోలు, అంటే నా లెక్కలో 80,300 రూపాయలు. నక్షత్రాలు ఇచ్చేది గదిలో, హోటల్‌లో ఉన్న సదుపాయాలను బట్టి. పరుపు శుభ్రంగా ఉందా, మనుషులు మర్యాదగా ఉన్నారా అన్నది ఆ చుక్కలు చెప్పవు. దానికి ఇటీవల బస చేసినవాళ్ల అభిప్రాయాలు చదవాలి. అలాగని మీ శ్రీమతి గారి మాట కొట్టిపారేయను. జీవితంలో మొదటిసారి అంత దూరం వెళుతూ ఇరుకు గదిలో ఉండాలా అన్నది ఆమె బాధ కావచ్చు. అందుకే ఆ 730లో 200 యూరోలు ఆమె చేతికే ఇవ్వండి, ఎలా ఖర్చుపెట్టినా లెక్క అడగకండి. వెరోనాకు రైలు గంట ప్రయాణం. ఉత్తరాన బోల్జానో ఇంకా దగ్గర, అక్కడి మ్యూజియంలో 1991లో మంచులో దొరికిన అయిదు వేల మూడు వందల ఏళ్ల నాటి మనిషి దేహం ఉంది. ఒకరోజు అందరూ కలిసి మంచి చోట భోజనం చేయండి. బిల్లులో కోపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే కంగారు పడకండి. కూర్చున్నందుకూ రొట్టె పెట్టినందుకూ వేసే రుసుము అది, మోసం కాదు.

రెండు నక్షత్రాల గది ఎలా ఉంటుందో ఆమెకు ముందే చెప్పండి. గది చిన్నది, రెండు ఒంటి మంచాలు కలిపి వేసి ఉండవచ్చు. వేడినీళ్ల కెటిల్ చాలాచోట్ల ఉండదు. స్నానాల గదిలో షవర్ పక్కన పైనుంచి ఒక తాడు వేలాడుతుంటుంది. లైటు కోసమనో ఫ్యాను కోసమనో దాన్ని లాగకండి, ఆపదలో పిలిచే అలారం అది, కింద కౌంటర్ దగ్గర మోగుతుంది. మన వాళ్లకు నచ్చే విషయం కూడా ఒకటుంది: నీళ్లతో కడుక్కునే బిడే తొట్టి ఇటలీ స్నానాల గదుల్లో మామూలే. ఫలహారంలో రొట్టె, జామ్, చీజ్, పండ్ల రసం పెడతారు. పలుచగా కోసిన ఎర్రటి ముక్కలు మాత్రం స్పెక్, అంటే పొగబెట్టిన పంది మాంసం. తిననివాళ్లు చూసి వడ్డించుకోవాలి.

హోటల్‌కు రాసే ఈమెయిల్‌లోనే లిఫ్ట్ ఉందా, ఏసీ ఉందా అని అడగండి. పాత నగరంలో కొన్ని భవనాలకు లిఫ్ట్ ఉండదు, రెండు పెద్ద పెట్టెలతో మూడో అంతస్తు ఎక్కడం మీ మోకాళ్లకు మంచిది కాదు. ఆల్ప్స్ అనగానే చలి అనుకుంటాం కానీ ట్రెంటో అదిజె నది లోయలో, సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల లోపే ఉంది. జూలైలో బాగా ఉక్కపోస్తుంది. మే మంచి నెల. అయితే తేదీలు చూసుకోండి. 2006 నుంచి ఆ ఊళ్లో ఏటా ఆర్థికశాస్త్ర ఉత్సవం జరుగుతోంది. ఇటీవలి సంవత్సరాల్లో అది మే నాలుగో వారం ప్రాంతంలో వస్తోంది. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. నెల మొదట్లో పర్వత చలనచిత్రోత్సవం ఉంటుంది. రెండింటికీ మధ్య పది రాత్రులు చూసుకోండి. ఆర్థికశాస్త్రం వినడానికి వచ్చినవాళ్ల వల్లే గది ధర పెరగడం గిరాకీ సూత్రానికి సరైన ఉదాహరణే, కానీ అది మీ డబ్బుతో నిరూపించనక్కర్లేదు.

81 యూరోల ధర ఎందుకు వద్దన్నానంటే, మీ చేతిలో ఇంకా వీసా లేదు. దాంతో మిగిలేది 110 యూరోలు, వీసా రాకపోతే పోయేది 810. ఇటలీతో సహా పలు ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు రుసుము పెద్దవాళ్లకు తలకు 90 యూరోలు, తిరస్కరించినా అది వెనక్కి రాదు. దానికి తోడు గది డబ్బూ పోగొట్టుకోవాలా? రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌తోనే దరఖాస్తు చేయండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. కొందరు ఏజెంట్లు ఉత్తుత్తి హోటల్ బుకింగ్ కాగితం ఇస్తామంటారు, ఆ దారి పట్టవద్దు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. బీపీ, షుగర్ ఉంటే ఆ ఫారంలో దాచకుండా రాయండి, దాచి కట్టిన బీమా అవసరానికి పనికిరాదు.

ఇప్పుడు మొత్తం లెక్క. విమానం టికెట్లు ఇద్దరికీ రాను పోను 1.4 లక్షలు అనుకుందాం. వీసా, బీమా, ఇతర కాగితాల ఖర్చులకు 30 వేలు. బసకు 960 యూరోలు, అంటే 1,05,600. తిండికి 400 యూరోలు, తిరగడానికి 250, రెండూ కలిపి 71,500. ఇవన్నీ కలిస్తే 3,47,100. దీనిపై యాభై వేలు చేతిలో ఉంచుకుంటే దాదాపు నాలుగు లక్షలు. శ్రీమతి గారి 200 యూరోలు ఆ యాభై వేలలోంచే.

సేవింగ్స్ ఖాతాలోని 3.1 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 2.1 లక్షలు పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. మిగిలింది లక్ష. ఫిబ్రవరిలో వచ్చే డిపాజిట్ 2.5 లక్షలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పింఛనులో నెలకు 12 వేలు మిగిలితే 60 వేలు. మొత్తం 4.1 లక్షలు. ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు. పొదుపు పథకాన్ని రెండేళ్లు నిండకముందు మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం కోత పడుతుంది. 15 లక్షల మీద 22,500. అంటే మీ గది రెండు రాత్రుల అద్దె ఊరికే వదులుకున్నట్టు. పర్సనల్ లోన్ అయితే, ప్రయాణం ఫొటోలు పాతబడ్డాక కూడా వాయిదాలు కడుతూ ఉంటారు.

డిపాజిట్ డబ్బు ఫిబ్రవరిలో ఖాతాలో పడ్డాక అక్కడే ఉంచండి. దరఖాస్తుకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ముందురోజు ఎవరో పెద్ద మొత్తం వేసినట్టు కనిపిస్తే అనుమానిస్తారు. డిపాజిట్ రసీదు, పింఛను కాగితాలు, ఆదాయపు పన్ను రిటర్నులు కూడా జతచేయండి.

చెల్లింపుల విషయం. మామూలు క్రెడిట్ కార్డుతో విదేశంలో కడితే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా రుసుము, దానిపై జీఎస్టీ వేస్తాయి. 920 యూరోల హోటల్ బిల్లు మీద అదే నాలుగు వేల పైచిలుకు. అందుకే తక్కువ రుసుము ఉన్న ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డులో, ఎక్కువ భాగం వేసుకోండి, రెండు మూడు విడతలుగా వేస్తే రేటు సగటున పడుతుంది. కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్లు చెప్పిందే. బస పన్నుకు, చిన్న కాఫీ కొట్లకు కొంత నగదు ఉంచుకోండి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. సొంతంగా డబ్బు పంపుకుంటే, కార్డులో వేసుకుంటే ఏడాదికి పది లక్షల దాకా టీసీఎస్, అంటే చెల్లించేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టరు. అదే ఏజెంటు దగ్గర అన్నీ కలిపి టూర్ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే పడుతుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

పచ్చళ్ల సంగతి: ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్లవచ్చు. గట్టిగా సీలు వేయించి, చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి మాత్రం వద్దు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికుల దగ్గర మాంసం, పాల పదార్థాలు ఉంటే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడవచ్చు. అమ్మాయికి నెయ్యి కావాలంటే అక్కడ మంచి వెన్న దొరుకుతుంది, ఆ పొయ్యి మీదే కాచుకోవచ్చు.