తైవాన్ నాయకురాలిని ఎమ్మెల్యే అనొచ్చా?

సందేహం: తైవాన్‌లో స్వలింగ వివాహాల కోసం పోరాడిన నాయకురాలి మీద వ్యాసం రాస్తున్నాను. "అభ్యుదయ ఎమ్మెల్యే యూ మీను తెచ్చిన చట్టం" అని మొదలుపెట్టాను. శాసనసభ్యుడు అనాలా, శాసనసభ్యురాలు అనాలా?

సమాధానం: స్త్రీ కాబట్టి సభ్యురాలు అనే రాయండి. ఆవిడ వృత్తిరీత్యా న్యాయవాది, ఆ మాట ఆడా మగా ఇద్దరికీ చెల్లుతుంది, ముందు 'మహిళా' తగిలించనక్కర్లేదు. అసలు చిక్కు 'శాసనసభ' దగ్గర ఉంది. ఎమ్మెల్యే అన్నా శాసనసభ్యురాలు అన్నా మన చెవికి రాష్ట్ర అసెంబ్లీయే వినిపిస్తుంది, కానీ తైవాన్‌లో దేశం మొత్తానికి చట్టాలు చేసేది 113 మంది ఉండే ఒకే ఒక్క సభ, లెజిస్లేటివ్ యువాన్ (ఈ యువాన్‌కూ చైనా డబ్బుకూ సంబంధం లేదు). పార్లమెంటుకీ అసెంబ్లీకీ కూడా సరిపోయే 'చట్టసభ' మనకుంది కదా, అది వాడండి. ఇంకో సంగతి, ఫలానా చోటు నుంచి గెలిచారు అని మాత్రం రాయకండి. ఆవిడకు నియోజకవర్గం లేదు, 2012లోనూ 2016లోనూ డెమొక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ జాబితా నుంచి (పార్టీకి పడ్డ ఓట్లను బట్టి దాని జాబితాలోని వాళ్లకు సీట్లు దక్కే పద్ధతి) ఎన్నికై 2020 దాకా సభలో ఉన్నారు.

పేరు కూడా సరిచూసుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి 'యూ' అని రాశారు, పలికేది 'యో'కి దగ్గరగా ఉంటుంది. యో మేయ్‌న్యూ. యో ఇంటిపేరు, మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు. మేయ్‌న్యూ అంటే అందగత్తె.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది 'తెచ్చిన చట్టం' అన్న మాట. బిల్లు వేరు, చట్టం వేరు. 2016లో ఆవిడ పెట్టింది సివిల్ కోడ్‌ని (పెళ్లి, కుటుంబం, ఆస్తి లాంటివాటి చట్టాన్ని) సవరించే బిల్లు. 2017 మే 24న రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్లలోగా ఈ పెళ్లిళ్లకు దారి చూపాలని తీర్పిచ్చింది, 2018 రెఫరెండంలో జనం సివిల్ కోడ్‌లో పెళ్లి స్త్రీపురుషులకే ఉండాలని ఓటేశారు, దాంతో ప్రభుత్వం విడిగా ఇంకో బిల్లు తయారుచేసింది, 2019 మే 17న సభ ఆమోదించింది దాన్నే. దాని పేరులో ఎక్కడా 'పెళ్లి' అన్న మాట లేదు, '748వ తీర్పు అమలు చట్టం' అనే పెట్టారు (ఆ 2017 తీర్పు నంబరే 748)! గొడవంతా ఆ ఒక్క మాట మీదే నడిచిందంటే నమ్మండి. ఆసియాలో మొదటిసారి వచ్చిన ఈ హక్కు వెనుక ఆవిడ ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఉంది, అది చెప్పడానికి చట్టం మొత్తాన్నీ ఆవిడ పేర రాసేయక్కర్లేదు.

'అభ్యుదయ' ఉంచేయండి, 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పెట్టినప్పటి నుంచీ మనకు ఆ అర్థంలో నలిగిన మాటే. మీ వాక్యాన్ని నేనైతే ఇలా మొదలుపెడతాను: "తైవాన్ చట్టసభలో స్వలింగ వివాహాల కోసం 2016లో బిల్లు పెట్టిన అభ్యుదయవాది, న్యాయవాది యో మేయ్‌న్యూ..."