ఈ చలికాలం రైడ్‌ల గురించి అల్లుడికి

అల్లుడూ,

సైకిల్ క్లబ్బు వాళ్లు చలికాలం రైడ్‌ల జాబితా పెట్టగానే అన్నిటికీ పేరిచ్చేశావంట, అక్క ఫోన్ చేసి చెప్పింది. మైపాడు బీచ్, పెంచలకోన, టైమ్ ట్రయల్ రేసు, నెల తిరక్కుండా 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం, అదే గడువులోపు పూర్తిచెయ్యాల్సిన దూరపు రైడ్. నన్నడిగితే ఈసారికి టైమ్ ట్రయల్ కొట్టేసి మిగతావి ఉంచుకో. రేసు వచ్చే ఏడాదీ ఉంటుంది. ఇప్పుడు నీకు కావాల్సింది వేగం కాదు అబ్బయా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సీటు మీద కూర్చునే ఓపిక.

మైపాడు రైడ్ చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకు. గుంపులో తొక్కడం వచ్చేది అక్కడే. ముందువాడి వెనక నక్కితే గాలిని వాడు కోస్తాడు, నీకు బోలెడు శ్రమ తగ్గుతుంది. కానీ నీ ముందు చక్రాన్ని వాడి వెనక చక్రం పక్కకు మాత్రం చేరనివ్వొద్దు. వాడు గుంత తప్పించబోయి జానెడు పక్కకి జరిగాడంటే రెండు చక్రాలూ రాసుకుంటాయి. పడేది నువ్వే, వాడికేమీ కాదు. వాడి టైరునే చూస్తూ తొక్కకు, వాడి భుజం మీదుగా రోడ్డు చూడు. కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. సన్న టైరు వడ్ల మీదికెక్కితే జారిపోతుంది, పైగా అవి ఒకరి కష్టం. అలాంటి చోట గుంపంతా ఒకరి వెనక ఒకరుగా దాటండి. ఇంటికొచ్చాక చైన్ తుడిచి నూనె వెయ్యి. ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు.

ఇక 200 సంగతి. అది రేసు కాదు. ఫలితాల్లో మొదటివాడు, చివరివాడు అని రాయరు. 13 గంటల 30 నిమిషాల్లో వచ్చావా లేదా, అంతే. పొద్దున 6కి బయల్దేరితే రాత్రి 7:30 దాకా టైముంది. గంటకు 20 చొప్పున తొక్కినా సైకిల్ మీద ఉండేది 10 గంటలు, మూడున్నర గంటలు మిగులుతాయి. ఇంత వెసులుబాటు ఉన్నా కుర్రాళ్లు మొదటి 50 కిలోమీటర్లలో ఒకరితో ఒకరు పోటీపడి, మధ్యాహ్నానికి ఏ పెట్రోల్ బంకు నీడలోనో చతికిలబడతారు. నిన్ను ఎవరైనా దాటిపోతే పోనీ.

గాలి లెక్క తెలుసుకో. డిసెంబర్, జనవరిలో మనకు వీచేది ఈశాన్యం గాలి. నెల్లూరు నుంచి ఉత్తరాన కావలి మీదుగా సింగరాయకొండ వైపు పోయి వచ్చే రూటైతే ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలి తింటావు, తిరిగొచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. సూళ్లూరుపేట వైపైతే తిరకాసు. పోయేటప్పుడు రెక్కలొచ్చినట్టుంటుంది, అదంతా నీ కాళ్ల గొప్పే అనుకుంటావు. వెనక్కి తిరిగాక తెలుస్తుంది. రూటు దక్షిణమైతే పోయేటప్పుడే అరగంట మిగుల్చుకో.

హైవే అంచున మేకుల కంటే ఎక్కువ పంక్చర్లు చేసేవి లారీ టైర్లు పేలినప్పుడు చెల్లాచెదురయ్యే ఇనుప తీగలు. వెంట్రుకంత ఉంటాయి, కంటికి ఆనవు. ట్యూబ్ మార్చి గాలి కొట్టి పది నిమిషాలు పోయాక మళ్లీ గాలి దిగిందంటే తీగ టైరులోనే ఉందన్నమాట. చిన్న దూది ముక్క టైరు లోపల చుట్టూ తిప్పు, తీగ ఉన్నచోట దూది చిక్కుకుంటుంది. కనుబొమ్మలు తీసే ప్లక్కర్ ఒకటి అక్క దగ్గర అడిగి తీసుకో, గోళ్లతో రాదది. రెండు ట్యూబ్‌లు, పంపు నీ దగ్గరే ఉండాలి. రోడ్డు పక్క పంక్చర్ షాపులో మన సన్న వాల్వ్‌కి గాలి పట్టదు, చిన్న అడాప్టర్ కూడా జేబులో పడేసుకో.

తిండి విషయంలో మొండికేయకు. గంటకోసారి అరటిపండో, పల్లీ చిక్కీనో. చలిగా ఉంది కదా అని నీళ్లు మానొద్దు, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకో. మలై కాజాలు జేబులో వేసుకునే ఆలోచన ఉంటే మానుకో, పాకం కారి హ్యాండిల్ అంతా జిగురు. అవి ఇంటికొచ్చాక నేను తెస్తాలే.

రైడ్ రోజున ఇచ్చే బ్రెవే కార్డు తడవకుండా కవర్లో పెట్టు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర, అంటే నువ్వు వచ్చినట్టు చూసే చోట్ల, వేసే స్టాంపులన్నీ దాని మీదే. ఆరయ్యేసరికి చీకటి పడుతుంది కాబట్టి ముందు లైటు, వెనక లైటు, మెరిసే జాకెట్ తప్పనిసరి. కంట్రోల్ పాయింట్ దగ్గర తప్ప దారిలో కారులో ఎవరూ సాయం రాకూడదు, ఆ సంగతి అక్కకి ముందే చెప్పు.

పెంచలకోన రైడ్‌ని రిహార్సల్ అనుకో. 200 రోజున వేసుకోబోయే నిక్కరు, బూట్లు, అదే సీటు ఎత్తు. కొత్తది ఏదైనా ఇబ్బంది పెడితే అక్కడే తెలియాలి.

చేరే టైము 7:30 అని అక్కకి చెప్పకు. 9 అని చెప్పు. ఏడున్నర దాటి ఐదు నిమిషాలైతే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి.

మీ మామయ్య