ఎంతమంది చేరారో చూసి ఆన్‌లైన్ కోర్సు ఎంచుకోవద్దు

తేడా కోర్సు ఎంపిక దగ్గరే వచ్చింది సార్. మీ కడప కాలేజీ పిల్లలు ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) స్టాటిస్టిక్స్‌లో పాసై కూడా, డేటా చేతికిస్తే తేలిపోతున్నారన్నారు. వేలమంది చేరారంటే నాణ్యత ఉన్నట్టు కాదు. చేరడం ఉచితం, ఒక్క క్లిక్కు. మధ్యలో మానేసినవాళ్లు రివ్యూ రాయరు.

ఈసారి ఇలా చూడండి:

1. కోర్సు చివరికి ఏం వస్తుందని చెప్పారో ఒక్కో వరుసలో రాసుకోండి.

2. ప్రతిదాని పక్కన, దాన్ని నిజంగా పరీక్షించే అసైన్‌మెంట్ ప్రశ్న రాయండి. అందరూ వదిలేసేది ఇదే, వీడియో బాగుంటే అక్కడితో ఆగిపోతారు. పాత బ్యాచ్ అసైన్‌మెంట్లు దొరికితే అవే తీయండి. "రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో గీతతో లెక్కించడం) ఫలితాలను వివరిస్తారు" అని రాసి, ప్రశ్నేమో "కింది వాటిలో సరైన సూత్రం ఏది?" అయితే అది జ్ఞాపకశక్తి పరీక్షే. అనంతపురం వర్షపాతం, వేరుశనగ దిగుబడి అంకెలిచ్చి గీత గీయించి, వాలు అర్థం అడిగితే అది సరైన ప్రశ్న. సగం వరుసలు ఖాళీగా మిగిలితే ఆ కోర్సు వద్దు.

3. చర్చావేదికలో సందేహాలకు జవాబులు వస్తున్నాయా, ఎన్ని రోజులకు?

ఇంకోటి: ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో సాధారణంగా మేలైన 8 అసైన్‌మెంట్లే లెక్కకొస్తాయి. అసైన్‌మెంట్లకు 25కి 10, పరీక్షకు 75కి 30 వస్తే సర్టిఫికెట్ ఖాయం. రిగ్రెషన్ వారం ఎగ్గొట్టినా గట్టెక్కుతారు. అలా ఎగ్గొట్టే వీలున్న ముఖ్యమైన వారాలకు మీరే కాలేజీలో చిన్న ప్రాక్టికల్ పెట్టండి.

ఈ కోర్సును డిగ్రీ క్రెడిట్లలో కలుపుకోవాలంటే మీ యూనివర్సిటీ అనుమతి పిల్లలు చేరకముందే తీసుకోండి.